మూడు ఇప్పగింజలు

కంపెనీ ఆఫీసు గేటు ఎదుట, పంక్చర్ల కొట్టు పక్కన
నా టైపు మిషను.
దరఖాస్తుకు ముప్పై, నకలుకు ఐదు.
ఎవరైనా ఏడిస్తే ఆ కాసేపు చేతులు ఆపుతాను,
దానికి రేటు పెట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి బొగ్గు గనిలో తూటాలు పేలుస్తారు.
బల్ల అదురుతుంది.
'మ' మీట వదులైపోయింది, దానంతటదే కాగితం మీద పడుతుంది.
ఇరవై రెండేళ్లుగా నేను కొట్టిన అర్జీల్లో
ఎక్కడో ఒకచోట
ఎవరికీ చెందని 'మ' ఒకటి దొరుకుతుంది మీకు.

ఇవాళ పానో బేస్రా వచ్చింది.
పదడుగులు వెనక మరిది దుబ్రాజ్.
ప్లాస్టిక్ సంచిలో మొగుడి గుర్తింపు బిళ్ల,
మరణ ధ్రువపత్రం,
భూమి ఇచ్చిన కాగితం మీద మామ వేలిముద్ర.
వెలిసి, నేరేడు పండు మరకలా ఉంది.

రెండెకరాల నాలుగు డెసిమళ్లు.
రెండెకరాలకొక కొలువు అన్నారు అప్పట్లో.
నాలుగు డెసిమళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.
అన్నదమ్ములు ముగ్గురు.
ముసలాయన మూడు ఇప్పగింజలు తెచ్చి
ఒకదానికి మసి పూసి, కుండలో వేసి కుదిపాడట.
మసి గింజ చాంద్రాయ్‌కి వచ్చింది.
టోపీ ఒకడిది, జీతం ముగ్గురిది:
పదకొండేళ్లు, ప్రతి ఏడో తారీఖున
చాప మీద నోట్లు మూడు కుప్పలు పోసేవాడట.
చిల్లర మిగిలితే పిల్లలకి బెల్లం.

చాంద్రాయ్ గనిలో పోలేదు.
కామెర్లతో పోయాడు,
కంపెనీ ఆసుపత్రిలో, కంపెనీ దుప్పటి కింద.
భండాన్ తంతు అయ్యాక మళ్లీ కుండ దించారు.
గింజ ఈసారి దుబ్రాజ్‌కి పడింది.
"అతని పేరు కొట్టు," అంది పానో.

తమ్ముడు లెక్కలోకి రాడమ్మా, అన్నాను.
భార్య, కొడుకు, పెళ్లికాని కూతురు. అంతవరకే రాసుంది.
నీ కొడుక్కి తొమ్మిదేళ్లు. నీ పేరే పెట్టుకో.
"పొలం తీసుకున్నప్పుడు ముగ్గురూ లెక్కకొచ్చారే?"
పొలం వేరు, కొలువు వేరు.
"ఆ పొలమే కదా ఈ కొలువు."

దీనికి నా దగ్గర మీట లేదు.

పైన శీర్షిక కొట్టాను: కారుణ్య నియామకం నిమిత్తం.
చదివి వినిపించమంది. ఆ మాట దగ్గర ఆపింది.
సంతాలీలో దాన్నేమనాలో వెతుక్కుని, వెతుక్కుని
జాలి, అన్నాను.
"మా మామ భూమి ఇచ్చినరోజు
మీవాళ్ల మీద జాలిపడి ఇచ్చాడని రాశారా ఎక్కడైనా?"
మీవాళ్లంటే నన్ను కలిపే.
నేనా గేటు లోపలికి ఒక్కసారీ పోలేదు.

జీతం ఇప్పుడెంత ఇస్తారని రెండుసార్లు అడిగింది.
రెండోసారి గొంతు తగ్గించి.
దుబ్రాజ్ పంక్చరు తొట్టిలో లేచే బుడగలు చూస్తున్నాడు.
ఆమె కళ్లు అటు పోయి, నా మిషను మీదికొచ్చి
తన గోళ్ల దగ్గర ఆగాయి.
నేను తొందరపెట్టలేదు.
పేరు రాసే చోటు వదిలేసి కింద గడులు నింపాను.

జతపరచవలసినవి:
మృతుని స్వగ్రామం నుంచి నివాస ధ్రువపత్రం.
ఏ ఊరమ్మా?
"సారుగడీహా," అని గేటు అవతలికి చెయ్యి చాపింది.
అక్కడ ఆకాశం ఉంది.
దాని కింద నూట నలభై మీటర్ల గొయ్యి.
ముఖియా ఎవరని, ముద్ర ఎవరు వేస్తారని
గడి అడుగుతోంది. నేను అడగలేదు.
కాగితం మళ్లీ పైకి తిప్పాను.

రెండయింది.
బల్ల అదిరింది. తొట్టిలో నీళ్లు తొణికాయి.
దరఖాస్తుదారు పేరు అన్నచోట
'మ' పడింది.

రబ్బరు తీశాను.
ఆమె వేలు అడ్డం పెట్టింది.
"ఏమిటిది?"
ఏమీ కాదు. తూటా పేలితే అదే పడుతుంది.
"మా ఊళ్లోంచే కదా వచ్చింది," అంది పానో.
"ఉండనీ."